1560–1640 నాటి ఇంగ్లండ్ పరువు దావాల్లో సాక్షుల వాంగ్మూలం చదవడం ఎలా: సమగ్ర మార్గదర్శి

1600 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో ఎవరైనా వీధిలో నిలబడి పొరుగింటి ఆడమనిషిని "లంజ" అంటే, ఆమె ఆ ఒక్క మాట పట్టుకుని బిషప్ కోర్టుకెక్కవచ్చు. అలా ఎక్కినవాళ్ళు వేలల్లో ఉన్నారు. భూవసతి ఉన్న పెద్దమనిషిని నలుగురిలో "నువ్వు అబద్ధాలకోరువి, నువ్వేం జెంటిల్మన్‌వి" అంటే వ్యవహారం కత్తుల దాకా పోయేది; 1634 నుంచి ఆ మాటల కోసం క్రమం తప్పకుండా కూర్చునే ఒక కోర్టు కూడా ఉండేది. రెండు చోట్లా నిలబెట్టాల్సింది గాలిలో కలిసిపోయిన మాటనే. కాగితం ఉండదు, వస్తువు ఉండదు, విన్నవాళ్ళే ఉంటారు. అందుకే సాక్షుల వాంగ్మూలాలు గుట్టలుగా మిగిలాయి.

చదువుతుంటే ఆనాటి వీధి మాట చెవిలో పడుతున్నట్టే ఉంటుంది. కొత్తగా చదివేవాళ్ళు బోల్తా పడేది సరిగ్గా ఇక్కడే. ఆ కాగితం మీద ఉన్నది ముందుగా రాసిపెట్టుకున్న ప్రశ్నకు సాక్షి ఇచ్చిన జవాబు, అదీ గుమాస్తా తన భాషలో కూర్చిన జవాబు. ప్రశ్న వేరే కాగితం మీద, కొన్నిసార్లు వేరే కట్టలో ఉంటుంది. దాన్ని పట్టుకోకుండా జవాబు చదివితే, సాక్షి చెప్పని మాటలు ఆమె నోట పెట్టినవాళ్ళం అవుతాం. కింద చెప్పే పద్ధతంతా ఆ ప్రశ్నను పట్టుకోవడం కోసమే.

మొదట తేల్చాల్సింది: ఇది ఏ కోర్టు

తిట్టు ఏమిటన్నదాన్ని బట్టి కోర్టు మారేది. కోర్టును బట్టి సాక్షి ఏం నిరూపించాలో మారేది.

చర్చి కోర్టుల అధికారానికి మూలం 1222 నాటి ఆక్స్‌ఫర్డ్ సభ నిర్ణయం. మంచివాళ్ళ మధ్య మంచిపేరున్న మనిషి మీద దురుద్దేశంతో నేరం అంటగట్టినవాళ్ళను వెలివేయమని అది చెప్పింది. మనం చూస్తున్న 1560–1640 కాలానికి వచ్చేసరికి చర్చి కోర్టులకు మిగిలినవి ప్రధానంగా ఆధ్యాత్మిక నేరాలను అంటగట్టే మాటలు: వ్యభిచారి, లంజ, తార్పుడుగత్తె, జారుడు లాంటివి. శిక్ష డబ్బు కాదు, ప్రాయశ్చిత్తం. పారిష్ (ఒక చర్చి కింద ఉండే ఊరు లేదా పేట) చర్చిలో పాస్టరు ముందు, తిట్లు తిన్న మనిషి ముందు తప్పు ఒప్పుకుని క్షమించమని అడగాలి. ఖర్చులు అదనం, అసలు దెబ్బ చాలామందికి అక్కడే తగిలేది. లండన్, యార్క్ లాంటి చోట్ల పదిహేడో శతాబ్దం మొదట్లో ఈ దావాలు వేసినవాళ్ళలో ఆడవాళ్ళు బాగా ఎక్కువ. అందుకే ఆనాటి మామూలు ఆడవాళ్ళ మాట ఇంత వివరంగా దొరికే చోట్లు ఇంకెక్కడా పెద్దగా లేవు.

"దొంగ", "హంతకుడు" లాంటి మాటలైతే రాజు కోర్టులకు, అంటే కామన్ లా వైపు పోవాలి. అక్కడ నష్టపరిహారం వస్తుంది. కానీ పదహారో శతాబ్దం చివరికి దావాలు మరీ పెరిగిపోయి, జడ్జీలు తిట్టులో ఎంత మెత్తని అర్థం లాగగలిగితే అంత లాగి కేసు కొట్టేసేవాళ్ళు. ఒకటో జేమ్స్ కాలంలో సర్ థామస్ హోల్ట్ వేసిన దావా దీనికి పేరుపడ్డ ఉదాహరణ. ఆయన కత్తితో వంటవాడి తల మీద కొడితే తల రెండు చెక్కలై చెరో భుజం మీదా పడిందని ప్రతివాది అన్నాడు. వంటవాడు చచ్చాడని మాత్రం అనలేదు కాబట్టి హత్యానేరం అంటగట్టినట్టు కాదని కోర్టు తేల్చింది. నవ్వొచ్చే తీర్పే గానీ, సాక్షులు అన్న మాటను అక్షరం పొల్లుపోకుండా ఎందుకు అప్పజెప్పాల్సి వచ్చేదో దీన్ని చూస్తే అర్థమవుతుంది. 1624లో వచ్చిన కాలపరిమితి చట్టం మాట తిట్టుల దావాలకు రెండేళ్ళ గడువు పెట్టింది. పరిహారం 40 షిల్లింగుల లోపు వస్తే, ఖర్చులు కూడా అంతకు మించి ఇవ్వనక్కర్లేదంది.

పెద్దమనుషుల పరువుకు, వంశచిహ్నాల వ్యవహారాలు చూసే రాజోద్యోగి ఎర్ల్ మార్షల్ నడిపే కోర్ట్ ఆఫ్ షివల్రీ ఉంది. దాని సంగతి చివర్లో విడిగా చూద్దాం. రాతలో వచ్చిన దూషణలు, ద్వంద్వయుద్ధపు సవాళ్ళు 1641లో రద్దయ్యేదాకా రాజు సలహాదారులు కూర్చునే స్టార్ చాంబర్ కోర్టుకు పోయేవి.

ఆచరణలో నూటికి తొంభైపాళ్ళు మీ చేతికొచ్చేవి చర్చి కోర్టు వాంగ్మూలాలే. కామన్ లా కోర్టుల్లో సాక్షి జ్యూరీ ముందు నోటితో చెప్పేవాడు, ఆ మాటలు రాసి దాచే పని లేదు. చర్చి కోర్టులు రోమన్-కానన్ పద్ధతిలో, అంటే రోమన్ చట్టం, చర్చి చట్టం కలిసిన పద్ధతిలో నడిచేవి. అంతా కాగితం మీదే, జడ్జి చదివి తీర్పు చెబుతాడు. మనకు సాక్ష్యం మిగిలిందంటే ఆ పద్ధతి పుణ్యమే.

ఎక్కడ దొరుకుతాయి

యార్క్ విశ్వవిద్యాలయంలోని బోర్త్‌విక్ ఇన్‌స్టిట్యూట్‌లో 1300 నుంచి 1858 దాకా 14,000కు పైగా కాజ్ పేపర్లు, అంటే చర్చి కోర్టు కేసుల కాగితాలు, ఉన్నాయి. కేటలాగు ఆన్‌లైన్‌లో ఉచితం, కాగితాల ఫోటోలు కూడా చూడొచ్చు. హైదరాబాద్‌లోనో విశాఖలోనో కూర్చుని మొదలుపెట్టాలంటే ఇంతకంటే మంచి చోటు లేదు. లండన్ కన్సిస్టరీ కోర్టు, అంటే బిషప్ కోర్టు, వాంగ్మూలాల పుస్తకాలు ఒకప్పటి లండన్ మెట్రోపాలిటన్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. 2024 నుంచి దాని పేరు ద లండన్ ఆర్కైవ్స్. వరుస గుర్తు డీఎల్/సీ. చెస్టర్‌వి చెషైర్ ఆర్కైవ్స్‌లో ఈడీసీ 5 కింద, డరమ్‌వి అక్కడి విశ్వవిద్యాలయ లైబ్రరీలో, ఈలీవి కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ లైబ్రరీలో ఉంటాయి.

వెతికే ముందు కాగితాలను దాచిన రెండు తీరులను గుర్తుపెట్టుకోవాలి. యార్క్, చెస్టర్ లాంటి చోట్ల ఒక కేసు కాగితాలన్నీ ఒక కట్టగా దొరుకుతాయి. లండన్ లాంటి చోట్ల వాంగ్మూలాలను మాత్రమే వరుసగా పుస్తకాల్లో రాసుకుంటూ పోయారు. మిగతా కాగితాలు పోయి ఉండొచ్చు, వేరే వరుసలో ఉండొచ్చు. కట్ట దొరికితే ప్రశ్న మీ చేతిలోనే ఉంటుంది. పుస్తకం దొరికితే ప్రశ్నను జవాబు నుంచి తిరిగి కట్టుకోవాలి.

కాగితాలను వరుసలో పెట్టడం

వాంగ్మూలం ఒక్కటే తీసి చదవడం మొదలుపెట్టకండి. కేసు నడిచిన వరుస ఇది. ముందు ప్రతివాదికి సమన్లు. తర్వాత వాది వేసే లిబెల్. ఇక్కడ లిబెల్ అంటే దూషణ కాదు, వాది ఫిర్యాదు పత్రం. అంశాల వారీగా నంబర్లు వేసి ఉంటుంది. దానికి ప్రతివాది సొంత జవాబులు. ఆ తర్వాత వాది తరఫు సాక్షులు. ఆ సాక్షులనే అడగమని ప్రతివాది లాయరు, అంటే ప్రాక్టర్, రాసిచ్చే ఎదురు ప్రశ్నల పట్టీ ఇంటరాగటరీలు. ఆపైన సాక్షుల మీద అభ్యంతరాలు, వాటిని నిలబెట్టే ఇంకో విడత సాక్షులు. చివర తీర్పు. ఇదంతా ఏ రోజు ఏం జరిగిందో ఒక్కో ముక్కలో చెప్పే పుస్తకం యాక్ట్ బుక్.

సాక్షిని అడిగిన తీరు కూడా తెలిసి ఉండాలి. సాక్షి కోర్టులో ప్రమాణం చేస్తుంది. ఆ తర్వాత ఎగ్జామినర్ ఆమెను విడిగా కూర్చోబెట్టి, లిబెల్ అంశాలను ఒకటొకటిగా చదివి జవాబు రాసుకుంటాడు. వాది ప్రతివాదులు ఆ గదిలో ఉండరు. మనం సినిమాల్లో చూసే క్రాస్ ఎగ్జామినేషన్ ఊసే లేదు. ఎదుటి పక్షం సాక్షులు ఏం చెబుతారో తెలియకుండానే, గుడ్డిగా, ముందే ప్రశ్నలు రాసివ్వాలి. రాసినదాన్ని సాక్షికి చదివి వినిపించి, జడ్జి ముందు ఒప్పించి, సంతకమో గుర్తో పెట్టిస్తారు. వాంగ్మూలాలన్నీ పూర్తయి బయటపెట్టాకే రెండు పక్షాలకూ నకళ్ళు.

ఇక లిబెల్‌లో మామూలుగా వచ్చే అంశాలు: చట్టం ఏమంటోంది; వాది ఇన్నాళ్ళూ మంచిపేరుతో బతికింది; ఫలానా నెలల్లో ఫలానా పారిష్‌లో ప్రతివాది కోపంతో, దురుద్దేశంతో ఫలానా మాటలు అన్నాడు; ఆ మాటల వల్ల ఆమె పేరు నలుగురిలో చెడింది; ఇదంతా ఊరందరికీ తెలిసిన సంగతి. సాక్షి "కోపంతో, దురుద్దేశంతో అన్నాడు" అంటే ఆమె మనసులోంచి వచ్చిన వర్ణన అనుకోకండి. ఆ మాట అంశంలోనే ఉంది, లేకపోతే కేసు నిలవదు. "ఆమె పేరు చాలా చెడింది" అన్నదీ అంతే.

తేదీ దగ్గర జాగ్రత్త

1752 ముందు ఇంగ్లండ్‌లో చట్టపరంగా కొత్త సంవత్సరం మొదలయ్యేది మార్చి 25న. కాగితం మీద 10 ఫిబ్రవరి 1634 అని ఉంటే మన లెక్కలో అది 1635. నోట్సులో రెండూ రాయండి: 10 ఫిబ్రవరి 1634/5. దీన్ని మరిచిపోతే, తిట్టింది నవంబరులో, సాక్ష్యం చెప్పింది అంతకు ముందు ఫిబ్రవరిలో అన్న వింత లెక్క తేలుతుంది.

పాలనా సంవత్సరాలు కనిపిస్తే గద్దెనెక్కిన తేదీ నుంచి లెక్కకట్టాలి. ఒకటో ఎలిజబెత్‌కు 17 నవంబరు 1558, ఒకటో జేమ్స్‌కు 24 మార్చి 1603, ఒకటో చార్లెస్‌కు 27 మార్చి 1625. సాక్షులు మాత్రం తేదీలతో మాట్లాడరు. "మైకేల్మస్‌కు పదిహేను రోజులు అటూ ఇటూ" అంటారు. లేడీ డే మార్చి 25, మిడ్‌సమ్మర్ జూన్ 24, మైకేల్మస్ సెప్టెంబరు 29. ఈస్టర్ ఏటా మారుతుంది; ఆ ఏటి పట్టిక చూడకుండా తేదీ వేయకండి.

వాంగ్మూలం తల భాగం

ప్రతి వాంగ్మూలం మొదట్లో నాలుగైదు వరుసల లాటిన్ ఉంటుంది. చాలామంది దాన్ని దాటేసి తిట్టు దగ్గరికి పరిగెత్తుతారు. నిజానికి సాక్షి గురించి మనకు దొరికే బయోడేటా అంతా అందులోనే ఉంది. పేరు, వృత్తి లేదా ఫలానా వాడి భార్య అన్నది, ఉంటున్న పారిష్, అక్కడ ఎన్నేళ్ళ నుంచి, అంతకు ముందు ఎక్కడ, పుట్టిన ఊరు, వయసు, వాది ప్రతివాదులు ఎన్నాళ్ళుగా తెలుసు. లాటిన్ రానక్కర్లేదు. ఇరవై ముప్పై ముక్కలు మళ్ళీ మళ్ళీ వస్తాయి, వారం రోజుల్లో పట్టుబడతాయి. 1733 నుంచి కోర్టు కాగితాలన్నీ ఇంగ్లీషులోకి మారాయి గానీ మనం చూస్తున్న కాలానికి ఆ సుఖం లేదు.

ఈ భాగానికి ఒక పట్టిక వేసుకోండి. ఒక్కో సాక్షికి ఒక్కో వరుస: పేరు, ఆడ/మగ, వృత్తి, వయసు, పారిష్, అక్కడున్న ఏళ్ళు, పుట్టిన చోటు, వాదితో పరిచయం, ప్రతివాదితో పరిచయం, ఎవరి తరఫు, సంతకం/గుర్తు, వాంగ్మూలం తేదీ, పుట సంఖ్య. మూడు నాలుగు కేసులు అయ్యేసరికి ఈ పట్టికే మీకు అసలు ఆస్తి అవుతుంది.

వయసు పక్కన దాదాపు ఎప్పుడూ "లేదా ఆ ప్రాంతం" అన్న అర్థం వచ్చే ముక్క ఉంటుంది. దాన్ని నిజంగానే తీసుకోవాలి. 30, 40, 50, 60 దగ్గర వయసులు కుప్పపడతాయి. సున్నాతో ముగిసే వయసు నుంచి పుట్టిన సంవత్సరం కట్టడం వృథా ప్రయాస.

అసలు మాట: ఒక మచ్చును విడదీసి చూద్దాం

ఈ వాంగ్మూలాల మూసలో మేమే కట్టిన మచ్చు ఇది, ఏ ఒక్క కేసుదీ కాదు. మూడో అంశానికి ఒక సాక్షి జవాబు అనుకోండి:

"గడిచిన మైకేల్మస్‌కు ఓ పదిహేను రోజులు అటూ ఇటూగా, ఏ రోజో ఇంతకన్నా సరిగ్గా గుర్తులేదు, మధ్యాహ్నం రెండుకూ మూడుకూ మధ్య, ఈ సాక్షి తన గుమ్మంలో కూర్చుని కుట్టుకుంటుండగా, సదరు ప్రతివాది వీధికి అవతల నిలబడి, కోపంతోనూ దురుద్దేశంతోనూ, సదరు వాదిని ఉద్దేశించి, నువ్వు లంజవి, ఫలానా వాడి లంజవి అని గానీ, అదే అర్థం వచ్చే మాటలు గానీ అనగా ఈ సాక్షి చూసింది, విన్నది. అప్పుడక్కడ ఈ సాక్షి, ఆమె ముందటి సాక్షి, ఇంకా కొందరు ఉన్నారు, వారి పేర్లు గుర్తులేవు. ఇంతకు మించి చెప్పలేదు."

ఇప్పుడు మూడు రంగుల పెన్సిళ్ళు తీసుకోండి.

మొదటి రంగు, లిబెల్ అంశం నుంచి వచ్చిన మాటలకు. "కోపంతోనూ దురుద్దేశంతోనూ", "సదరు", "ఉద్దేశించి" అన్నీ దీని కిందికే వస్తాయి. లిబెల్ పక్కన పెట్టుకుని చూస్తే చాలాసార్లు ముక్కకు ముక్క సరిపోతుంది.

రెండో రంగు, గుమాస్తా చేతికి అలవాటైన మాటలకు. "ఈ సాక్షి" అన్న మూడో పురుష, "ఇంతకన్నా సరిగ్గా గుర్తులేదు", "అదే అర్థం వచ్చే మాటలు గానీ", "ఇంతకు మించి చెప్పలేదు". వీటిలో "అదే అర్థం వచ్చే మాటలు" అన్న దాని మీద ఓ కన్ను వేసి ఉంచాలి. అది రక్షణ కవచం. ఒక సాక్షి ఒక మాట, ఇంకో సాక్షి ఇంకో మాట చెప్పినా కేసు కూలకుండా అది అడ్డుపడుతుంది.

మూడో రంగుకు మిగిలినవి: గుమ్మం, కుట్టుపని, వీధికి అవతల నిలబడడం, ఫలానా వాడి పేరు, పక్కన ఎవరున్నారన్నది. ఇవి ప్రశ్నలో లేవు. సాక్షి దగ్గర నుంచి వచ్చాయని గట్టిగా చెప్పగలిగినవి ఇవే. ఒక్కో వాంగ్మూలంలో ఈ రంగు రెండు మూడు వరుసలకు మించదు. అయినా అప్పటి వీధిలో ఆడవాళ్ళు ఎక్కడ కూర్చునేవాళ్ళు, ఏ పని గుమ్మంలో చేసుకునేవాళ్ళు, గోడ అవతలి గొడవ ఎంతవరకు వినబడేది అన్నదంతా ఈ వరుసల్లోంచే తెలుస్తుంది.

ఇక్కడ ఒక తిరకాసు. గుమ్మంలో కూర్చోవడం నిజమే కావచ్చు, కానీ అది చెప్పాల్సిన అవసరం కూడా ఉంది. తను అక్కడెందుకుంది, ఎలా వినగలిగింది అన్నది చెప్పకపోతే సాక్ష్యం బలహీనం. గొడవకు తను పోలేదు, గొడవే తన దగ్గరికి వచ్చిందని చూపించుకోవడం మర్యాదస్తురాలైన సాక్షికి చాలా ముఖ్యం. కాబట్టి మూడో రంగు కూడా పూర్తిగా అమాయకమైన రంగు కాదు.

మన జిల్లా కోర్టుల్లో పనిచేసేవాళ్ళకు ఈ తంతు కొత్తగా అనిపించదు. అక్కడా సాక్షి మాటను ప్రశ్న-జవాబులుగా కాక వరుస కథనంగా రాయించడమే మామూలు. ప్రశ్న ఎటు పోయిందో జవాబును బట్టి ఊహించుకునే అలవాటు వాళ్ళకు ఉంటుంది.

తిట్టును ఎత్తిరాసేటప్పుడు స్పెల్లింగు సరిచేయకండి, "థౌ"ను (పాత ఇంగ్లీషులో చనువుగానో చిన్నచూపుతోనో "నువ్వు" అనే మాట) "యూ"గా మార్చకండి. ఎరగని వాళ్ళనూ సమానులనూ "థౌ" అని పిలవడంలోనే సగం అవమానం ఉంది. అబద్ధమాడుతున్నావని ముఖం మీద అనేటప్పుడు కూడా అదే వాడేవాళ్ళు.

ఎదురు ప్రశ్నల జవాబులు

వాంగ్మూలం కింద మళ్ళీ ఒకటి, రెండు, మూడు అని నంబర్లు మొదలైతే అవి ఇంటరాగటరీల జవాబులు. మా దృష్టిలో ఈ కాగితాల్లో అన్నిటికన్నా విలువైన చోటు ఇదే. ప్రతివాది లాయరు సాక్షిని దెబ్బతీయడానికే ఈ ప్రశ్నలు రాస్తాడు. అందుకని జవాబుల్లో సాక్షి తనను తాను కాపాడుకునే తీరు బయటపడుతుంది.

తరచూ వచ్చే ప్రశ్నలు ఇవి. మీరు వాదికి చుట్టమా, పనివాళ్ళా, అద్దెకుంటున్నారా? సాక్ష్యం చెప్పమని ఎవరడిగారు? రానుపోను ఖర్చులు ఎవరిచ్చారు? ఏం చెప్పాలో ఎవరైనా నేర్పారా? మీ చేతుల్లో ఉంటే ఎవరిని గెలిపిస్తారు? వాదే ముందు తిట్టలేదా? అప్పులు పోను మీ ఆస్తి ఎంత?

"ఎవరిని గెలిపిస్తారు" అన్నదానికి "న్యాయం ఎవరి పక్షాన ఉంటే వాళ్ళే గెలవాలి" అన్నది తయారుగా ఉన్న జవాబు. అది కనిపిస్తే ఏమీ తేలనట్టే. తప్పిపోయి ఎవరైనా "వాది గెలవాలని ఉంది, మా పక్కింటావిడ కదా" అంటే ఆ వరుస కింద గీత గీసుకోండి.

ఆస్తి ప్రశ్న దగ్గర ఆగాలి. పేదవాడు లంచానికి లొంగుతాడన్నది ఆనాటి న్యాయశాస్త్రపు అనుమానం. 40 షిల్లింగులు అన్న అంకె జవాబుల్లో పదేపదే కనబడుతుంది. అది నికరమైన లెక్క అనుకుని సగటులు కట్టకండి, "నేను మరీ బికారిని కాను" అని చెప్పుకునే గీతగా చదవండి. పెళ్ళయిన ఆడవాళ్ళు చాలామంది భర్త బతికుండగా తమకంటూ ఏమీ లేదంటారు. చట్టం ప్రకారం అది నిజమే, పేదరికానికి గుర్తు కాదు. "ఒళ్ళొంచి పనిచేసుకుని బతుకుతున్నాను" అన్న జవాబులో మాత్రం లేమి ఉంటుంది, దాని వెంటే రోషమూ ఉంటుంది.

లెక్క సరిచూడడానికి: 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌండు, ఒక మార్క్ అంటే 13 షిల్లింగుల 4 పెన్నీలు. అంకెలు రోమన్‌లో ఉంటాయి, చివరి ఐ తోక పెంచుకుని జే అవుతుంది. నాలుగును నాలుగు నిలువు గీతలతోనే వేస్తారు. ఒక గీత తప్పితే మూడవుతుంది.

ఇంటరాగటరీల పట్టీ పోయిన కేసుల్లో జవాబుల నుంచి ప్రశ్నను కట్టుకోవాలి. ఒకే తరఫు ముగ్గురు సాక్షుల నాలుగో జవాబులు పక్కపక్కన పెట్టండి. ఒకరు "లేదు" అంటారు, ఒకరు "ఆ సంగతి తెలియదు" అంటారు, మూడో మనిషి "వాది కూతురికి పాలిచ్చిన మాట నిజమే గానీ ఇప్పుడు ఆ ఇంట్లో పనిచేయడం లేదు" అంటుంది. మూడోది చాలు, ప్రశ్న ఏమిటో తెలిసిపోయింది.

సాక్షులను ఒకరి పక్కన ఒకరిని పెట్టడం

ఒక్క సాక్షి మాట చెల్లదన్నది రోమన్-కానన్ నియమం. కనీసం ఇద్దరు కావాలి. అందుకే ఒక్కో పక్షాన ఇద్దరి నుంచి ఐదుగురి దాకా కనిపిస్తారు. ఒక పెద్ద కాగితం మీద అడ్డంగా సాక్షుల పేర్లు, నిలువుగా ఏడు విషయాలు రాసుకోండి: రోజు, వేళ, చోటు, తిట్టు మాటలు, ఎవరు ముందు మొదలుపెట్టారు, ఇంకెవరున్నారు, సాక్షి ఎక్కడ నిలబడి విన్నది.

మాటలు పూర్తిగా కలిస్తే సంతోషపడకండి. కారణాలు మూడు ఉండొచ్చు. నిజంగానే ఇద్దరూ విన్నారు; లేదా లిబెల్‌లోని మాటను గుమాస్తా ఇద్దరికీ దించాడు; లేదా ఎవరో ఒకచోట కూర్చోబెట్టి నేర్పారు. తేల్చే చిట్కా ఒకటుంది. లిబెల్‌లో లేని ముక్క ఇద్దరి మాటల్లోనూ వస్తే విని ఉండడానికో, నేర్పించి ఉండడానికో అవకాశం ఎక్కువ. లిబెల్‌లోని తప్పు కూడా అలాగే దిగితే అది గుమాస్తా పని.

మాటలు కలవకపోతే వెంటనే అబద్ధమనీ అనకండి. వీధి గొడవ ఒక్క నిమిషంలో అయిపోదు. ఒకరు మొదట విన్నారు, ఒకరు చివరికి వచ్చారు. చోటు, వేళ కలిసి తిట్టు కొంచెం మారితే అది మామూలే. తిట్టు అచ్చం ఒకటే అయి చోటు మారితే, అవి రెండు వేర్వేరు గొడవలేమో చూడండి. న్యాయం లెక్కలో ఇదే పెద్ద చిక్కు: ఇద్దరు సాక్షులు రెండు వేర్వేరు సందర్భాల గురించి చెబితే, ఒక్కో సందర్భానికి సాక్షి ఒక్కరే మిగులుతారు.

సంతకం చోట గొర్రుబొమ్మో, మొదటి అక్షరమో, అడ్డగీతో ఉంటుంది. గుర్తు పెట్టినంత మాత్రాన చదవడం రాదని తేల్చలేం. చదవడం ముందు, రాయడం తర్వాత నేర్పేవాళ్ళు.

చేతిరాత

సెక్రటరీ హ్యాండ్ అనే ఆనాటి రాత మొదట భయపెడుతుంది. తల తిప్పిన ఈ, కిందికి దిగిపోయే హెచ్, ఆర్‌లా కనిపించే సీ, పొడుగు ఎస్ ఈ నాలుగూ పట్టుబడితే సగం పని అయినట్టే. ఐ, ఎన్, ఎం, యూ అన్నీ ఒకే రకం నిలువు గీతలు. గీతలు లెక్కపెట్టి చదవాలి. తెలిసిన పదాల నుంచి, అంటే "దిస్ డెపొనెంట్" (ఈ సాక్షి), "ఆర్టికులేట్" (అంశంలో చెప్పిన) లాంటి వాటి నుంచి అక్షరాలు కోసి ఒక కార్డు మీద అతికించుకోండి. గుమాస్తా మారగానే కొత్త కార్డు. "ప్రికంటెస్ట్" అన్న పదం కనిపిస్తే అది ముందు చెప్పిన సాక్షి. ఆ పేరు పట్టుకుని వెనక పుటలకు వెళ్ళాలి.

కోర్ట్ ఆఫ్ షివల్రీ: ఇక్కడ ఏం మారుతుంది

ఎర్ల్ మార్షల్ అయిన ఆరండెల్ ప్రభువు థామస్ హోవర్డ్ చేతి కింద 1634–1640 మధ్య ఈ కోర్టు వెస్ట్‌మిన్‌స్టర్‌లో జోరుగా నడిచింది. 700కు పైగా కేసుల కాగితాలు కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్‌లో, ఆరండెల్ కోటలో ఉన్నాయి. కేసు కేసుకీ సారాంశాలు బ్రిటిష్ హిస్టరీ ఆన్‌లైన్‌లో ఉచితంగా చదవొచ్చు. సెక్రటరీ హ్యాండ్ రానివాళ్ళు ఇక్కడి నుంచి మొదలుపెట్టడమే మేలు.

వాది ఇక్కడ రెండు విషయాలు నిరూపించాలి. ఒకటి, తను పుట్టుకతో జెంటిల్మన్. రెండు, అన్న మాటలు ద్వంద్వయుద్ధానికి రెచ్చగొట్టేవి. అందుకే సాక్షులు రెండు రకాలు. గొడవ విన్నవాళ్ళు ఒక రకం. వాది తాతముత్తాతలను, వాళ్ళ వంశచిహ్నాన్ని ఎరిగిన ముసలివాళ్ళు ఇంకో రకం. రెండో రకం వాళ్ళు ఆ గొడవ చోట లేరని వాళ్ళ మాట తీసిపారేయకండి, వాళ్ళను పిలిచింది దానికి కాదు. సాక్షులందరినీ లండన్ దాకా రప్పించకుండా, జిల్లాలో కమిషనర్లను వేసి, ఏదో సత్రంలో కూర్చోబెట్టి నోటరీ చేత రాయించేవాళ్ళు. ఆ కమిషనర్లు స్థానిక పెద్దమనుషులే కాబట్టి వాళ్ళెవరి బంధుమిత్రులో కూడా చూడండి. ప్రతివాది తరఫున మామూలుగా వచ్చే వాదం: ముందు రెచ్చగొట్టింది వాదే.

ఈ కోర్టు మీద విమర్శలను చదివేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త కావాలి. 1640లో పార్లమెంటులో ఎడ్వర్డ్ హైడ్ దాన్ని దుయ్యబడుతూ ఒక కథ చెప్పాడు. పడవవాడి బ్యాడ్జి మీద ఓ ప్రభువు వంశచిహ్నంగా ఉన్న హంసను "బాతు" అన్నందుకు ఒక పౌరుణ్ణి జరిమానాతో కుదేలు చేశారట. కథ బాగుంది, బాగా పాకింది కూడా. కానీ అది కోర్టును మూయించాలని చూస్తున్న మనిషి చెప్పిన కథ.

ముగింపు దొరకని కేసులు

తీర్పు కోసం వెతికి విసిగిపోతారు. చాలా కేసులు తీర్పు దాకా పోనే పోలేదు. ఊరి పెద్దలో పాస్టరో మధ్యలో పడి సర్దేవాళ్ళు, లేదా ఖర్చులు భరించలేక వదిలేసేవాళ్ళు. వాంగ్మూలాలు బయటపెట్టిన వెంటనే యాక్ట్ బుక్‌లో కేసు మాయమైతే రాజీ అయిందని అనుకోవడానికి ఆస్కారముంది, కానీ నోట్సులో "రాజీ" అని రాయకండి. "చివరిసారి కనిపించిన తేదీ" అని రాయండి. 1641లో చర్చి కోర్టులు మూతపడ్డాయి, 1661లో తిరిగి తెరిచారు. ఆ మధ్య తెగిపోయిన కేసులకు కారణం వాది ప్రతివాదుల్లో వెతకనక్కర్లేదు.

ఎత్తిరాసిన ప్రతి ముక్క పక్కన ఆర్కైవ్, వరుస గుర్తు, పుట సంఖ్య, పుట ముందువైపా వెనకవైపా అన్నది అప్పుడే వేయండి. పుస్తకాల్లో పుటకు ఒకవైపే అంకె ఉంటుంది. ముందో వెనకో రాసుకోకపోతే ఆరు నెలల తర్వాత అదే వరుస కోసం పుస్తకమంతా తిరగేయాల్సి వస్తుంది.